కడుపు వెనక గడ్డలు: ఓపీలో వినే అపోహలు, అసలు వాస్తవాలు

పేగుల్ని కప్పి ఉంచే పెరిటోనియం పొరకు వెనక, వెన్నెముకకు ముందు ఒక చోటుంది. కిడ్నీలు, అడ్రినల్ గ్రంథులు, మూత్రనాళాలు, శరీరంలోకెల్లా పెద్ద రక్తనాళాలు, పాంక్రియాస్‌లో చాలా భాగం అక్కడే ఉంటాయి. దాన్ని రెట్రోపెరిటోనియం అంటాం. అక్కడ పుట్టే జబ్బులు అరుదు కాబట్టి రోగులకే కాదు, అప్పుడప్పుడు మా డాక్టర్లకూ వాటి మీద తప్పుడు నమ్మకాలుంటాయి. క్యాన్సర్ సర్జన్‌గా నా చెవిన పడేవి కొన్ని చెబుతాను.

అపోహ: నొప్పి లేదంటే మామూలు గడ్డే.

వాస్తవం: అక్కడ చోటు ఎక్కువ. గడ్డ పెరిగేకొద్దీ పేగులు ముందుకు జరుగుతాయి, కిడ్నీ పక్కకు తప్పుకుంటుంది. అందుకే 15 సెంటీమీటర్లు దాటాక గానీ బయటపడని సార్కోమాలు (కొవ్వు, కండరం లాంటి మెత్తటి కణజాలంలో పుట్టే క్యాన్సర్లు) మాకు కొత్తేం కాదు. "పొట్ట వచ్చిందనుకున్నాం డాక్టర్" అంటారు చాలామంది. ముఖం, చేతులు సన్నబడుతుంటే పొట్ట ఒక్కటే పెరుగుతోందంటే అనుమానించాలి. అల్ట్రాసౌండ్‌తో సరిపెట్టుకోకుండా కాంట్రాస్ట్ ఇచ్చి సీటీ స్కాన్ తీయాలి. క్యాన్సర్ కాని నరాల గడ్డ, అంటే ష్వానోమా, ఒక్కోసారి విపరీతంగా నొప్పి పెడుతుంది. ఫుట్‌బాల్ అంత లైపోసార్కోమా (కొవ్వులో పుట్టే సార్కోమా) కిక్కురుమనకుండా కూర్చుంటుంది.

అపోహ: స్కాన్‌లో కొవ్వు అని వచ్చింది, టెన్షన్ అక్కర్లేదు.

వాస్తవం: చర్మం కింద చేతికి తగిలే లైపోమా (క్యాన్సర్ కాని కొవ్వు గడ్డ) వేరు, ఇది వేరు. ఈ చోట నిజమైన లైపోమా చాలా అరుదు. పెద్ద కొవ్వు గడ్డ కనిపిస్తే, కాదని తేలేదాకా లైపోసార్కోమాగానే చూడాలి. సీటీలో అది మామూలు కొవ్వులాగే నల్లగా ఉంటుంది. కుడిఎడమలు పోల్చి చూస్తేనే తేడా దొరుకుతుంది: ఒక కిడ్నీ తన చోట తాను ఉంటుంది, రెండోది నడుము మధ్యకు నెట్టుకుపోయి ఉంటుంది. ఆ నలుపులో ఎక్కడైనా తెల్లగా, గట్టిగా ముద్ద ఉందంటే ముదురు రకం అక్కడ మొదలై ఉండొచ్చు. బయాప్సీ సూది సరిగ్గా ఆ ముద్దలోకే వెళ్లాలి. పక్కనున్న కొవ్వులో గుచ్చితే జబ్బు ఉన్నదానికన్నా తక్కువగా రిపోర్టవుతుంది. తర్వాత పాథాలజిస్టు ఎండీఎం2 జన్యువు కాపీలు పెరిగాయేమో పరీక్షిస్తారు, అనుమానం చాలావరకు అక్కడ తీరిపోతుంది. అలాగని కొవ్వున్న ప్రతి గడ్డా సార్కోమా కాదు. కిడ్నీలో పుట్టే యాంజియోమయోలైపోమా, అడ్రినల్‌లో పుట్టే మైలోలైపోమా క్యాన్సర్లు కావు. కాబట్టి గడ్డ ఏ అవయవంలో మొదలైందన్నది రేడియాలజిస్టును మొదట అడగాల్సిన ప్రశ్న.

అపోహ: సూది గుచ్చితే క్యాన్సర్ పాకిపోతుంది.

వాస్తవం: ఈ భయం వల్ల జరిగే నష్టం అంతా ఇంతా కాదు. సీటీలో చూస్తూ, నడుము పక్క నుంచో వెనక నుంచో, ఒక తొడుగు గొట్టంలోంచి సూది పంపి ముక్కలు తీస్తాం. ఆ దారిలో క్యాన్సర్ మొలకెత్తే అవకాశం 1 శాతం కన్నా తక్కువ. పల్చటి సూదితో కణాలు మాత్రమే లాగే ఎఫ్ఎన్ఏసీ ఇక్కడ సాధారణంగా సరిపోదు. పొట్ట కోసి ముక్క తీయడం మాత్రం వీలైనంతవరకు వద్దు, కణాలు లోపల చెదిరే ప్రమాదం ఉన్నది అందులోనే.

బయాప్సీ లేకుండా కత్తి పడితే ఏమవుతుంది? అది లింఫోమా (లింఫ్ గ్రంథుల్లో పుట్టే క్యాన్సర్) అయితే ఆపరేషనే అనవసరం, మందులతో కరిగేది. కుర్రవాడిలో పెద్ద ధమని పక్కన గడ్డ కనిపిస్తే వృషణాలు పరీక్షించాలి, ఏఎఫ్‌పీ, బీటా హెచ్‌సీజీ (వృషణ క్యాన్సర్ ఆనవాళ్లు) రక్తపరీక్షలు చేయాలి. వృషణంలో పుట్టిన క్యాన్సర్ ఇక్కడి లింఫ్ గ్రంథులకు చేరుతుంది, సిస్‌ప్లాటిన్ కీమోతో చాలామందికి పూర్తిగా నయమవుతుంది. వెన్నెముక పక్కనుండే సోయాస్ కండరంలో పేరుకున్న టీబీ చీము కూడా గడ్డలాగే కనిపించి బోల్తా కొట్టిస్తుంది.

సూదికి నిజంగా భయపడాల్సిన సందర్భం ఒకటుంది. బీపీ ఉన్నట్టుండి ఎగబాకడం, తలనొప్పి, చెమటలు, గుండెదడ ఉన్నవాళ్లలో అది ఫియోక్రోమోసైటోమా గానీ పారాగాంగ్లియోమా గానీ (అడ్రినలిన్ లాంటి హార్మోన్లను వదిలే గడ్డలు) కావచ్చు. దాన్ని కదిలిస్తే బీపీ ప్రాణాల మీదికి తెస్తుంది. లక్షణాలు లేకున్నా, గడ్డ అడ్రినల్ దగ్గర గానీ ధమని పక్కన గానీ ఉంటే, ఆ హార్మోన్ల ఆనవాళ్లయిన మెటానెఫ్రిన్ల పరీక్ష ఫలితం చేతికొచ్చాకే సూది మాట. ఉందని తేలితే ముందు బీపీని అదుపు చేసే ఆల్ఫా బ్లాకర్ మందులు, ఆ తర్వాతే ఆపరేషన్.

అపోహ: గడ్డ తీస్తే చాలు, బాగున్న కిడ్నీ ఎందుకు తీస్తారు?

వాస్తవం: ఇంట్లోవాళ్లు అడిగే వాటిలో నాకు బాగా న్యాయంగా తోచే ప్రశ్న ఇది. సార్కోమాకు గడ్డ అంచు ఎక్కడుందో కంటికి ఆనదు. దాని గోడ వెంబడే ఒలిచి తీస్తే కణాలు అక్కడే మిగులుతాయి. అందుకే అంటుకున్న కిడ్నీ, పెద్దపేగు ముక్క, సోయాస్ మీది పొర లాంటివి గడ్డతో కలిపి ఒకే ముద్దగా తీస్తాం. రెండో కిడ్నీ ఎంత బాగా పనిచేస్తోందో స్కాన్‌తో ముందే చూసుకుంటాం. పూర్తిగా నయం చేసే అవకాశం ఎక్కువగా ఉండేది మొదటి ఆపరేషన్‌లోనే. అందుకని, ఇలాంటివి తరచూ చేసే సెంటర్‌కు వెళ్లడానికి కొన్ని వారాలు ఆలస్యమైనా ఫర్వాలేదంటాను. క్యాన్సర్ కాని ష్వానోమాకు ఇంత కోత అక్కర్లేదు, కొన్నింటిని చూస్తూ ఊరుకోవచ్చు కూడా.

రేడియేషన్ ముందే ఇస్తే గ్యారంటీ అనే మాటా వింటుంటాను. 266 మందితో చేసి 2020లో ప్రచురించిన స్ట్రాస్ అధ్యయనంలో, ఆపరేషన్‌కు ముందు రేడియేషన్ ఇచ్చినా మొత్తం మీద తేడా కనపడలేదు. లైపోసార్కోమా వాళ్లకు కొంత మేలుండొచ్చన్న సూచన ఉంది, దాన్ని బట్టి మనిషి మనిషికీ విడిగా ఆలోచిస్తాం.

అపోహ: ఇక్కడ ఏది కనిపించినా ఆపరేషనే.

వాస్తవం: రెట్రోపెరిటోనియల్ ఫైబ్రోసిస్ అనే జబ్బులో ధమని చుట్టూ మచ్చలాంటి కణజాలం పెరిగి మూత్రనాళాలను లోపలికి లాగి బిగిస్తుంది. నడుములో తెలియని నొప్పి, రక్తపరీక్షలో పెరిగిన ఈఎస్ఆర్ (ఒంట్లో వాపుకు గుర్తు), ఎగబాకుతున్న క్రియాటినిన్ (కిడ్నీ దెబ్బతింటోందనడానికి గుర్తు) దీని ఆనవాళ్లు. ముందు మూత్రనాళంలో స్టెంట్ (సన్నటి గొట్టం) వేసి కిడ్నీని కాపాడతాం, లింఫోమా లాంటిది కాదని నిర్ధారించుకున్నాక స్టెరాయిడ్ మొదలుపెడతాం. కొందరిలో ఇది ఐజీజీ4 జబ్బులో (రోగనిరోధక వ్యవస్థ తేడా చేసి పలు అవయవాల్లో వాపు, మచ్చలు తెచ్చేది) భాగం. చాలామందిలో మందులతోనే తగ్గుతుంది గానీ, ఆపేశాక తిరగబెట్టే గుణం దీనికుంది.

అపోహ: ఐదేళ్లు గడిస్తే గండం గడిచినట్టే.

వాస్తవం: లైపోసార్కోమా పదేళ్ల తర్వాత కూడా అదే చోట తిరిగి రావొచ్చు. మొదటి రెండు మూడేళ్లు మూడు నుంచి ఆరు నెలలకోసారి స్కాన్, ఐదేళ్ల దాకా ఆరు నెలలకోసారి, ఆపైన ఏటా ఒకసారి. వచ్చేటప్పుడు రిపోర్టు కాగితం ఒక్కటే కాదు, పాత స్కాన్ల సీడీలన్నీ తీసుకురండి. తిరిగొచ్చిన కొవ్వు రకం మామూలు కొవ్వులాగే కనిపిస్తుంది, పాత బొమ్మను పక్కన పెట్టుకుని చూస్తేనే దొరుకుతుంది.