పాట ఉంది, పాడే గొంతు లేదు

ల్యాప్‌టాప్‌కి ఇయర్‌ఫోన్ పెట్టి పాట వింటున్నారు. తబలా ఉంది, వయొలిన్లు ఉన్నాయి, కోరస్ నూతిలోంచి వస్తున్నట్టు ఎక్కడో దూరంగా ఉంది. పాడే మనిషి గొంతు మాత్రం లేదు. పిన్నుని కాస్త తిప్పితే గొంతు ఊడిపడినట్టు వచ్చేస్తుంది, వేలు తీస్తే మళ్ళీ మాయం. ముమ్మిడివరం నుంచి ఒక పాఠకురాలు అడిగారు: “సౌండ్ కార్డు పోయింది, బోర్డు మార్చాలి అంటున్నారండి షాపులో. నిజమేనా?”

కాదండి. సౌండ్ కార్డుకి పాడేదెవరో వాయించేదెవరో తెలీదు. గొంతుని ఏరి పక్కన పెట్టి మద్దెలని వదిలిపెట్టే తెలివి, చెడిపోయినంత మాత్రాన ఏ చిప్పుకీ రాదు. ఇది మూడో తీగ పని.

పిన్ను మీద నల్లగీతలు లెక్కపెట్టండి. రెండుంటే లోహపు ముక్కలు మూడు: కొస ఎడమ చెవికి, మధ్య ఉంగరం కుడి చెవికి, మొదలు రెంటికీ ఉమ్మడి గ్రౌండ్. గీతలు మూడుంటే మైకు కూడా ఉన్నట్టు. ఈ గ్రౌండ్ అనే మాటే సగం చిక్కు తెచ్చింది. అదేదో నేలలోకి పోయే తీగ, ఉన్నా లేకపోయినా ఫర్వాలేదు అనుకుంటారు చాలామంది. బళ్ళో బ్యాటరీ నుంచి బల్బుకి కరెంటు వెళ్ళే తీగని చూపించినంత శ్రద్ధగా తిరిగొచ్చే తీగని చూపించరు మరి.

డెల్టాలో పుట్టినవాళ్ళకి ఇది బల్బుతో కాక మురుగు కాలువతో చెప్పాలి. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయ్యాక నీళ్ళు తెచ్చే కాలువలకి పేరొచ్చింది, కాటన్ దొరకి ఊరూరా విగ్రహాలొచ్చాయి. నీళ్ళు తీసుకుపోయే డ్రెయిన్లకి ఎవరూ దండ వేయరు. సార్వాలో వాన పట్టి చేలు మునిగితే అప్పుడు గుర్తొస్తాయి.

ఇప్పుడు పక్కపక్కన రెండు మళ్ళు ఊహించండి. ఎడమ మడికో బోదె, కుడి మడికో బోదె. రెండు మళ్ళలోంచీ నీరు దిగువన ఒకే మురుగు బోదెలోకి పడుతుంది. మళ్ళు మీ చెవుల్లోని తీగచుట్లు, బోదెలు ఎడమ కుడి తీగలు, మురుగు బోదె గ్రౌండ్. అంతా బాగున్నప్పుడు ఎడమ బోదెలో నీరు పెరిగితే ఎడమ మడిలో పారుతుంది, కుడి దాంతో దానికి సంబంధం లేదు.

మురుగు బోదె గుర్రపుడెక్కతో పూర్తిగా పూడిపోయిందనుకోండి. రెండు బోదెల్లోనూ నీటిమట్టం ఒకేలా పెరిగితే ఏమవుతుంది? ఏమీ కాదు. ఎంత పెరిగినా చుక్క కదలదు, పోయే దారి లేదు. ఎడమ బోదెలో మట్టం కుడిదానికంటే జానెడు ఎక్కువుంటే మాత్రం నీరు ఎడమ మడిలోంచి దిగి, కుడి మడిలోకి ఎదురెక్కి, కుడి బోదెలోకి వెనక్కి పోతుంది. అంటే పారేది ఎడమకీ కుడికీ ఉన్న తేడా ఒక్కటే.

స్టీరియో పాటలో గాయకుణ్ణి ఎక్కడ కూర్చోబెడతారు? సరిగ్గా మధ్యలో. అంటే ఆ గొంతు ఎడమ తీగలోనూ కుడి తీగలోనూ అచ్చం ఒకేలా ఉంటుంది. రెండు బోదెల మట్టం కలిసి పెరిగి కలిసి తగ్గుతుంది, తేడా సున్నా. వయొలిన్లని ఒక పక్కకి, గిటారుని ఇంకో పక్కకి జరుపుతారు కాబట్టి వాటికి తేడా ఉంటుంది, అవి వినిపిస్తాయి. గొంతుకి కలిపిన ప్రతిధ్వని రెండు పక్కలా వేరువేరుగా ఉంటుంది కనక అది కూడా మిగులుతుంది. అందుకే గొంతు పోయి దాని నీడ మాత్రం నూతిలోంచి వినపడుతుంది.

బోదె సగమే పూడితే? ఇయర్‌ఫోన్ ఒక్కో పక్క 32 ఓములు అనుకుందాం (కరెంటుకి తగిలే అడ్డంకిని ఓముల్లో కొలుస్తారు). రెండు చెవుల కరెంటూ గ్రౌండ్‌లోనే కలిసి పోవాలి కాబట్టి, అక్కడున్న అడ్డంకి ఒక్కో చెవికి రెట్టింపుగా తగులుతుంది. గొంతు బలం 32ని, 32కి గ్రౌండ్ అడ్డంకి రెట్టింపు కలిపిన దానితో భాగిస్తే వస్తుంది. అడ్డంకి 1 ఓమ్ ఉంటే 34లో 32 పాళ్ళు, చెవికి తెలియనే తెలియదు. 16 ఓములైతే గొంతు సగం, అంటే 6 డెసిబెల్లు దిగుతుంది. 144 ఓములకి పదో వంతు, 20 డెసిబెల్లు. ఈ మొత్తంలో తేడా సంకేతం మాత్రం ఇసుమంత కూడా తగ్గదు! పిన్ను తిప్పుతుంటే గొంతు దగ్గరికొచ్చి దూరమయ్యేది ఇందుకే. వేలి కింద ఆ అడ్డంకి ఓముల్లో పెరిగి తరుగుతోంది.

అన్నట్టు పాత మోనో పాటలు పెట్టి చూడండి. వాటిలో ఎడమా కుడీ ఒకటే కనక గొంతుతో పాటు వాద్యాలూ పోతాయి. “కొత్త పాటలు వస్తున్నాయండి, పాతవి రావట్లేదు” అని ఎవరైనా అంటే నవ్వకండి, వాళ్ళు చెప్పేది అక్షరాలా నిజం.

పరీక్షకి పనిముట్లు అక్కర్లేదు. విండోస్ 11 సెట్టింగ్స్‌లో యాక్సెసిబిలిటీ, అందులో ఆడియో, అందులో మోనో ఆడియో అని ఒక మీట ఉంటుంది. అది వేయగానే ఇయర్‌ఫోన్ దాదాపు మూగపోతే గ్రౌండ్ తెగినట్టే. రెండో పరీక్ష: మోనో తీసేసి, సౌండ్ సెట్టింగుల్లో హెడ్‌ఫోన్ పరికరం తెరిచి కుడి చానెల్ వాల్యూమ్ సున్నా చేయండి. పాట ఎడమ చెవిలోనే రావాలి. రెండు చెవుల్లోనూ మామూలుకంటే నీరసంగా వస్తే అదే రోగం; గ్రౌండ్ దారి మూసుకుపోయి కరెంటు కుడి చెవి గుండా వెనక్కి పోతోంది.

తప్పు ఇయర్‌ఫోన్‌దా, ల్యాప్‌టాప్‌దా? ఇంకో ఇయర్‌ఫోన్ పెట్టి చూడడం మొదటి పని. అది లేకపోతే పిన్నుని బొటనవేలితో జాక్‌కి, అంటే ల్యాప్‌టాప్‌లో పిన్ను దూర్చే రంధ్రానికి, కదలకుండా అదిమి, పిన్ను మొదట్లో తీగని వంచండి. గరగరమంటే తీగ. తీగని కదలనీయకుండా పిన్నుని పక్కకి నెడితే గరగరమంటే జాక్. మల్టీమీటరుంటే 200 ఓముల స్కేలు మీద, రెండు గీతల పిన్నుకి, కొస నుంచి మొదలుకి కొలవండి: 16 లేదా 32 దగ్గర్లో రావాలి. ఉంగరం నుంచి మొదలుకీ అంతే. కొస నుంచి ఉంగరానికి సరిగ్గా రెట్టింపు. ఈ మూడోది వచ్చి మొదటి రెండూ రాకపోతే తీగచుట్లు రెండూ భేషుగ్గా ఉన్నాయి, గ్రౌండ్ తీగ తెగింది. ఇది తెగేది ఎక్కువగా పిన్ను మెడ దగ్గరే, రెండంగుళాల లోపు. అక్కడ కోసి కొత్త పిన్ను అతికించుకోవచ్చు. అయితే లోపలి సన్నతీగలకి రంగు వార్నిష్ ఉంటుంది, దాన్ని టంకం వేడితో కాల్చి పోగొట్టందే అతకదు.

మూడు గీతల పిన్నులో ఇంకో మెలిక ఉంది. ఇప్పుడు ఎక్కువ వాడుకలో ఉన్న సీటీఐఏ పద్ధతిలో కొస నుంచి మూడో ముక్క గ్రౌండ్, నాలుగోది మైకు. పాత ఓఎమ్‌టీపీ పద్ధతిలో ఇవి తారుమారు. పాత హెడ్‌సెట్ కొత్త ల్యాప్‌టాప్‌లో పెడితే చెవుల కరెంటు మైకు గుండా తిరిగి రావాలి. మైకు అడ్డంకి మామూలుగా వేల ఓముల్లో ఉంటుంది, గొంతు మాయం. తీగ మీది మీట నొక్కి పట్టుకుంటే గొంతు తిరిగొస్తుంది! ఆ మీట చేసేది మైకునీ గ్రౌండ్‌నీ కలపడమే కదా. ఇలా జరిగితే ఏదీ చెడిపోలేదు. రెండు పద్ధతుల్నీ కలిపే చిన్న అడాప్టర్ చాలు.

పెళ్ళి పందిట్లో మైక్ సెట్‌కి ల్యాప్‌టాప్ కలిపినప్పుడూ ఇదే వింత కనపడుతుంది. మిక్సర్‌లో బ్యాలెన్స్‌డ్ ఇన్‌పుట్ పని కొసలోంచి ఉంగరాన్ని తీసివేయడం. దానికి స్టీరియో తీగ నేరుగా గుచ్చితే ఎడమలోంచి కుడి పోయి గొంతు కొట్టుకుపోతుంది. అక్కడ కావాల్సింది ఒక పక్క స్టీరియో పిన్ను, రెండో పక్క రెండు మోనో పిన్నులున్న వై తీగ.

ఇంతకీ జాక్ ఎందుకు పాడవుతుంది? లోపలి స్ప్రింగు పలకలు రాగి మిశ్రమం, పైన తరచుగా వెండి పూత. రొయ్యల చెరువు అడుగు నల్లబురద కదిలితే వచ్చే కుళ్ళిన గుడ్ల వాసన హైడ్రోజన్ సల్ఫైడ్; వెండి పట్టీల్ని నల్లబరిచేది ఆ వాయువే, జాక్‌నీ వదలదు. దానికి తోడు ఉప్పు. గాలిలో తేమ 75 శాతం దాటితే శుద్ధమైన ఉప్పు దానంతటది నీరు పీల్చుకుని ద్రావణమైపోతుంది. కళ్ళుప్పులో మెగ్నీషియం లవణాలుంటాయి, అది ఇంకా ముందే చెమరుస్తుంది. వంటింట్లో ఉప్పుజాడీ నీరు కారుతోందంటే, చేతి చెమటతోనో సముద్రపు గాలితోనో జాక్‌లో చేరిన ఉప్పూ అదే పని చేస్తోందని లెక్క.

గోడ మీది లైటు స్విచ్చి మరి అదే గాలిలో ఏళ్ళ తరబడి ఎలా పనిచేస్తుంది? దానికి 230 వోల్టులున్నాయి. వేసిన ప్రతిసారీ నిప్పురవ్వ పుట్టి మురికి పొరని చీల్చేస్తుంది. ఇయర్‌ఫోన్‌లో మామూలుగా వినేటప్పుడు వోల్టులో పదో వంతు కూడా తరచుగా ఉండదు. పొరని చీల్చే సత్తువ ఆ సంకేతానికి లేదు, పిన్ను రాపిడే చీల్చాలి. “తిప్పితే వస్తుంది” అనేది అందుకే మూఢనమ్మకం కాదు.

మూఢనమ్మకాలు వేరే ఉన్నాయి. జాక్‌లోకి నోటితో ఊదడం: తేమని మనమే పంపడం. కొబ్బరినూనె చుక్క వేయడం: నూనె కరెంటుని పోనివ్వదు, దుమ్ముని పట్టి ముద్ద చేస్తుంది. బియ్యం డబ్బాలో పాతిపెట్టడం: బియ్యం పీల్చే తేమ కంటే జాక్‌లోకి దూరే తవుడే ఎక్కువ. టైరు షాపు గాలి కొట్టించడం: కంప్రెసర్‌లోంచి నీటితుంపరా ఆయిలూ కలిసి వస్తాయి.

పని చేసేది ఇది. ల్యాప్‌టాప్ పూర్తిగా షట్‌డౌన్ చేసి, చార్జర్ తీసి, టార్చి వేసి చూడండి. నూలుపోగులుంటే చెక్క టూత్‌పిక్‌తో లాగేయండి. దూదిపుల్ల వద్దు, పీచు లోపలే ఉండిపోతుంది. 99 శాతం ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో పిన్నుని తడిపి, ఒక చుక్క మించకుండా విదిలించి, జాక్‌లోకి 15, 20 సార్లు తిప్పుతూ దూర్చి తీయండి. తీసిన పిన్నుని తెల్లగుడ్డకి తుడిస్తే నల్లగా అంటుతుంది. నలుపు రావడం ఆగేదాకా చేసి, పావుగంట ఆరనివ్వండి. శానిటైజర్ వాడకండి, అందులో తరచుగా గ్లిజరిన్ ఉంటుంది, అది ఆరదు.

ఇంకో రకం తప్పు ఉంది. పిన్ను తీసేసినా స్పీకర్లు పలకవు, ల్యాప్‌టాప్ ఇంకా హెడ్‌ఫోన్ ఉందనే అనుకుంటుంది. జాక్‌లో సంకేతంతో సంబంధం లేని చిన్న స్విచ్చి ఒకటి ఉంటుంది. 2004లో ఇంటెల్ తెచ్చిన హెచ్‌డీ ఆడియో పద్ధతిలో 39.2, 20, 10, 5.1 కిలోఓముల రెసిస్టర్లలో ఒక్కోటి ఒక్కో జాక్‌కి ఇచ్చి, అన్నింటినీ చిప్పు పసిగట్టే ఒకే కాలుకి (సెన్స్ పిన్) కడతారు. ఏ స్విచ్చి మూసుకుంటే ఆ విలువ ఆ కాలు మీద కలుస్తుంది, చిప్పు వోల్టేజీ చూసి ఏది దూరిందో పోల్చుకుంటుంది. తడి ఉప్పు పొర 100 కిలోఓములతో అడ్డంగా పడితే 39.2 కాస్తా 28 అవుతుంది, చిప్పు తికమక పడుతుంది. పలక వంగిపోయి స్విచ్చి తెరుచుకోకపోతే చిప్పు ఎప్పటికీ నమ్ముతూనే ఉంటుంది. శుభ్రం చేసినా మారకపోతే జాక్ మార్చాల్సిందే.

చాలా ల్యాప్‌టాపుల్లో జాక్ విడిగా ఒక చిన్న బోర్డు మీద ఉండి, పల్చని రిబ్బన్ తీగతో మెయిన్ బోర్డుకి కలుస్తుంది. మెయిన్ బోర్డు మార్చాలన్న మాట వినే ముందు ఆ రిబ్బన్ తీసి పెట్టించండి. తర్వాత జాక్ కాళ్ళ చుట్టూ భూతద్దంతో ఉంగరంలాంటి పగులు వెతకాలి. ముందు చూడాల్సింది గ్రౌండ్ కాలే. దానికి బోర్డులోని రాగి రేకంతా కలిసి ఉంటుంది, అది వేడి లాగేసుకుంటుంది కనక ఆ కాలికి టంకం సరిగా కరగక అతుకు బలహీనంగా మిగిలిపోయే అవకాశం ఎక్కువ. టంకం బాగా అతుక్కునేలా చేసే ఫ్లక్స్ రాసి, 350 డిగ్రీల టంకం ఐరన్‌తో, 183 డిగ్రీలకే కరిగే 63/37 (63 పాళ్ళు తగరం, 37 పాళ్ళు సీసం) టంకం కొత్తగా ఇవ్వండి. మిగతా కాళ్ళకి రెండు మూడు సెకన్లు చాలు. గ్రౌండ్ కాలికి వెడల్పు ముక్కున్న బిట్టు పెట్టి, టంకం కాలి చుట్టూ మెరుస్తూ పాకేదాకా ఆగాలి.