అటకామా నుంచి ఇటలీకి: కోపియాపోవా కాక్టస్ దొంగరవాణా వెనుక కథ

2020 ఫిబ్రవరిలో ఇటలీలోని సెనిగాలియాలో పోలీసులు ఒక ఇంటిని సోదా చేస్తే వెయ్యికి పైగా కాక్టస్ మొక్కలు బయటపడ్డాయి. వాటి విలువ పది లక్షల డాలర్లకు పైమాటే. చాలావరకు చిలీలోని అటకామా ఎడారిలో పెకలించి తెచ్చినవి. వాటిలో కోపియాపోవాలే ఎక్కువ.

చిలీ ఉత్తర తీరంలో తప్ప ఈ మొక్కలు సహజంగా మరెక్కడా పెరగవు. అక్కడ కొన్ని చోట్ల ఏళ్ల తరబడి చినుకు పడదు. పసిఫిక్ మీదుగా వచ్చే ‘కమంచాకా’ అనే పొగమంచే వీటికి ఆధారం. పాన్ దె అసూకర్ జాతీయ వనంలోని కొండవాలుల్లో ఒక రకం కోపియాపోవాలు వందలాదిగా ఒకే వైపు, ఉత్తరానికి వాలి ఉంటాయి. భూమధ్యరేఖకు దక్షిణాన ఉన్న ఆ ప్రాంతంలో మధ్యాహ్నపు సూర్యుడు ఉండేది ఆ దిక్కునే. మధ్యాహ్నపు ఎండ మొక్క కొనమీద పడుతుంది, పక్కలను తెల్లని మైనపు పూత కాపాడుతుంది. ఏడాదికి సెంటీమీటరు కూడా పెరగని మొక్కలు ఎన్నో. సెనిగాలియాలో దొరికిన వాటిలో వందేళ్లు దాటినవీ ఉన్నాయని నిపుణులు అంచనా వేశారు.

1853-54లో చిలీ ప్రభుత్వం తరఫున అటకామాలో తిరిగిన జర్మన్ శాస్త్రవేత్త ఫిలిప్పి, 1860లో బూడిదరంగు కోపియాపోవాను వర్ణించారు. 1922లో బ్రిటన్, రోజ్ అనే అమెరికన్ వృక్షశాస్త్రవేత్తలు కోపియాపో నగరం పేరుతో దీన్ని ప్రత్యేక ప్రజాతిగా, అంటే దగ్గరి సంబంధమున్న జాతుల సమూహంగా నిలిపారు. 1975లో అంతర్జాతీయ వన్యజాతుల వాణిజ్య ఒప్పందం దాదాపు అన్ని కాక్టస్‌లనూ తన జాబితాలోకి తెచ్చింది. అప్పటినుంచి వీటిని అనుమతి పత్రం లేకుండా దేశం దాటించడం నేరం.

అయినా దోపిడీ ఆగలేదు. విత్తనాలతో పెంచిన కోపియాపోవాలు నర్సరీల్లో చట్టబద్ధంగానే దొరుకుతాయి. కానీ నీళ్లు పోసి పెంచిన మొక్క పచ్చగా, నున్నగా ఉంటుంది. కొందరు సేకరణకర్తలకు కావలసింది ఎండకు మాడి, గాలికి గీసుకుపోయి, ముళ్లు నల్లబడిన మొక్క. దశాబ్దాల పాటు ఎడారిలో బతికినందుకు దానికి దక్కిన రూపానికే వారు ధర కడుతున్నారు. ఆ రూపం నర్సరీలో తయారు కాదు గనుకే దొంగలు కొండలెక్కుతున్నారు. నా దృష్టిలో అసలు సమస్య ఈ మోజే. సామాజిక మాధ్యమాలు దాన్ని ఐరోపాలోనూ ఆసియాలోనూ ఇంకా పెంచాయి.

సెనిగాలియాలో దొరికిన వాటిలో 844 మొక్కలను 2021 ఏప్రిల్‌లో విమానంలో చిలీకి తిప్పి పంపారు. దాదాపు వంద అప్పటికే చనిపోయాయి. మరికొన్ని అధ్యయనం కోసం మిలాన్‌లోని వృక్షోద్యానంలో ఉండిపోయాయి. తిరిగి వెళ్లిన వాటినైనా వెంటనే ఎడారిలో నాటేయడం కుదరదు. ఏ మొక్కను ఏ కొండ నుంచి పెకలించారో తేలాలి, ఐరోపాలో అంటుకున్న తెగుళ్లు అడవి మొక్కలకు సోకకుండా చూడాలి.

గనులు, రోడ్లు, వాతావరణ మార్పు కూడా ఈ మొక్కలను దెబ్బతీస్తున్నాయి. అంతర్జాతీయ ప్రకృతి పరిరక్షణ సమాఖ్య 2013 లెక్కల్లో కోపియాపోవా జాతుల్లో 55 శాతం అంతరించే ముప్పులో ఉండగా, 2024 నాటికి అది 82 శాతానికి చేరింది.