జెండా భీమిలి వైపు, మబ్బు అనకాపల్లి వైపు

విశాఖపట్నం,
జులై నెల

చిరంజీవులు చిన్నికి, బుజ్జిగాడికి,

తాతయ్య ఆశీస్సులు. ఉభయకుశలోపరి. మొన్న ఆర్కే బీచ్‌లో బుజ్జిగాడు ఒక ప్రశ్న అడిగాడు. మొక్కజొన్న పొత్తు నోట్లో పెట్టుకుని నేను ఏదో గొణిగేశాను. "జెండా భీమిలి వైపు ఎగురుతోంది కదా తాతయ్యా, మరి ఆ పైన పల్చటి మబ్బు సముద్రం మీంచి ఊళ్లోకి వస్తోందేం?" అన్నాడు. నా ఉద్యోగమంతా ఆ ప్రశ్న చుట్టూనే తిరిగిందిరా. అందుకే ఈ ఉత్తరం.

మన నెత్తి మీద ఉన్నది ఒక గాలి కాదు. దొంతరలు దొంతరలుగా చాలా గాలులున్నాయి, ఎవరి దారి వాళ్లది. వాటిని కనిపెట్టడానికి నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో మా చేతిలో ఉన్నవి రెండే: హైడ్రోజన్ నింపిన రబ్బరు బెలూను, థియోడలైట్ అనే దుర్బిణి. బెలూను నిమిషానికి ఇన్ని మీటర్లు పైకి పోయేలా గ్యాస్ కొలిచి నింపుతాం. 200 మీటర్లు అనుకోండి. 5 నిమిషాలకి కిలోమీటరు ఎత్తు. అప్పుడు దుర్బిణి సరిగ్గా 45 డిగ్రీలు పైకి చూస్తుంటే, బెలూను మన నుంచి పక్కకి కూడా కిలోమీటరే జరిగిందన్నమాట. చిన్నీ, నీ లెక్కల పుస్తకంలో త్రిభుజమే ఇది. నిమిషం నిమిషానికీ కోణాలు రాసుకుంటూ పోతే, ఏ ఎత్తున ఏ గాలి దాన్ని ఎటు నెట్టిందో తెలుస్తుంది. ఆకాశం తేటగా ఉంటే తెల్ల బెలూను, మబ్బుగా ఉంటే ఎర్రది. చీకట్లో అయితే దానికి చిన్న దీపం కట్టేవాళ్లం.

ఆ దీపంతోనే నా పరువు పోయింది. ఒకరోజు తెల్లవారుజామున దీపం అనుకుని కొన్ని నిమిషాల పాటు వేగుచుక్కని చూస్తూ కోణాలు రాశాను! చుక్క చాలా నెమ్మదిగా కదులుతుంది కాబట్టి కోణం దాదాపు మారలేదు. ఎత్తు మాత్రం లెక్క ప్రకారం పెరుగుతోంది. దాంతో ప్రతి ఎత్తులోనూ దాదాపు ఒకే దిక్కు, ఒకే వేగం వచ్చాయి. మా సీనియర్ కాగితం చూసి, "ఇంత బుద్ధిమంతురాలైన గాలిని నా సర్వీసులో చూడలేదయ్యా" అన్నారు. నవ్వకండి.

ఇప్పుడు ఆ తిప్పలు చాలావరకు లేవు. రేడియోసోండ్ అనే చిన్న పెట్టె బెలూను కింద వేలాడుతూ ఉష్ణోగ్రత, తేమ, పీడనం కొలిచి రేడియోలో పంపుతుంది. జీపీఎస్ వల్ల గాలి సంగతి కూడా తెలుస్తుంది. ప్రపంచమంతా ఒకే వేళకి వదులుతారు, మన గడియారంలో పొద్దున, సాయంత్రం అయిదున్నర ప్రాంతంలో. పైకి పోయేకొద్దీ బయటి గాలి ఒత్తిడి తగ్గి బెలూను ఉబ్బుతుంది. 30 కిలోమీటర్ల దగ్గర ఒత్తిడి ఇక్కడున్న దాంట్లో నూరో వంతే. మనిషెత్తు బెలూను అక్కడికి చేరేసరికి చిన్న ఇల్లంత అయి, పగిలిపోతుంది.

ఈ నెలలో విశాఖలో వదిలిన బెలూనుతో పాటు మనమూ వెళ్దాం. కింద నైరుతి గాలి (గాలికి అది వచ్చే దిక్కు పేరే పెడతాం), అది ఈశాన్యాన ఉన్న భీమిలి వైపు తోస్తుంది. ఇంకా పైకి పోయేసరికి గాలి తడబడుతుంది, తర్వాత దిక్కే మారిపోతుంది. ఓ గంటలో 15 కిలోమీటర్లు దాటాక తూర్పు గాలి గంటకి వంద కిలోమీటర్లకి పైగా వేగంతో దాన్ని వెనక్కి, అనకాపల్లి, నర్సీపట్నం వైపు ఈడ్చుకుపోతుంది. బుజ్జిగాడి మబ్బు దాంట్లోదే. ఈ తూర్పు జెట్ గాలి గురించి 1958లో లోకానికి వివరించినది మన తెలుగువాడే, పంచేటి కోటేశ్వరం గారు. నాకు ఆ పేరు చెప్పుకోవడం ఇష్టం.

కింద పడమటి నుంచి, పైన తూర్పు నుంచి ఇలా లాగుతుంటే తుపాను నిటారుగా నిలబడలేదు. జులై, ఆగస్టుల్లో బంగాళాఖాతంలో పెద్ద తుపాన్లు అరుదుగా రావడానికి అదొక ముఖ్య కారణం. అక్టోబరుకి ఆ పెనుగులాట సడలుతుంది. హుద్‌హుద్ మన ఊరి మీద పడింది 2014 అక్టోబరు 12న. ఆ రోజు సంగతి మీ అమ్మ చెబుతుంది, నేను రాయలేను.

ఇంకా పైన, భూమధ్యరేఖ మీద, మరో విచిత్రం ఉంది. 1883లో ఇండోనేషియాలోని క్రకటోవా అగ్నిపర్వతం పేలినప్పుడు దాని ధూళి పడమటికి పోయి, రెండు వారాల్లోపే భూమిని చుట్టొచ్చింది. అంటే అక్కడున్నది తూర్పు గాలి అన్నారు. 1908లో తూర్పు ఆఫ్రికాలో బెలూన్లు ఎగరేస్తే పడమటి గాలి దొరికింది. ఎవరిది తప్పు? ఎవరిదీ కాదు. ఆ గాలి సుమారు 28 నెలలకొకసారి చక్రం తిరుగుతుందని, కాసేపు తూర్పుదీ కాసేపు పడమటిదీ అవుతుందని 1960 ప్రాంతంలో, ఏళ్ల తరబడి పోగైన బెలూను లెక్కలు చూశాక గానీ తెలియలేదు. ఈ "కాసేపు" అంటే ఏడాదికి పైనే లెండి. తీరా దాని పద్ధతి అర్థమైంది అనుకుంటుండగా 2016లో పడమటి గాలి మధ్యలోకి తూర్పు గాలి చొరబడి ఆ తాళం తప్పించింది.

దసరాకి వస్తారుగా. అప్పుడు జెండా ఎటు ఎగురుతుందో, పై మబ్బు ఎటు పోతుందో ఇద్దరూ ఇప్పుడే వేరువేరుగా రాసి కవరులో పెట్టండి. బీచ్‌లోనే విప్పుదాం. పొత్తులు నావి.

మీ తాతయ్య