మునిగిన బొమ్మ, తేలిన చెంబు: నీటి గురించి మనకున్న అపోహలు

తిరుపతిలో పిల్లలకు భౌతికశాస్త్రం చెప్పడం మొదలుపెట్టి ఇరవై ఆరేళ్లు దాటింది. తేలియాడే వస్తువుల పాఠం వచ్చిన రోజు నేను పుస్తకం తెరవను. బకెట్టు నిండా నీళ్లు పెట్టి, ఒక ఇనుప మేకు అందులో వేసి, ఎందుకు మునిగిందని అడుగుతాను. తరగతి అంతా ఒక్క గొంతుతో "బరువు కాబట్టి సార్" అంటుంది. ఆ పిల్లల తల్లిదండ్రులను అడిగినా ఇదే జవాబు వస్తుంది. అసలు చిక్కంతా ఈ జవాబులోనే ఉంది.

అపోహ: బరువైనది మునుగుతుంది, తేలికైనది తేలుతుంది

మేకు బరువు కొన్ని గ్రాములు. ఫాల్గుణ మాసంలో తిరుమల స్వామి పుష్కరిణిలో ఐదు రోజుల తెప్పోత్సవం చూసే ఉంటారు. చివరి మూడు రోజులు మలయప్ప స్వామి దేవేరులతో కలిసి మూడు, ఐదు, ఏడు చుట్లు తిరుగుతారు. విగ్రహాలు, అర్చకులు, మేళం, దీపాల అలంకారం అన్నీ ఆ తెప్ప మీదే. అంత బరువు తేలుతోంది, మేకు మునిగింది.

నీటి లెక్క వేరు. వస్తువు తన బరువుకు సమానమైన బరువున్న నీటిని పక్కకు నెట్టగలిగితే తేలుతుంది, లేకపోతే మునుగుతుంది. ఆరు మీటర్ల పొడవు, ఆరు మీటర్ల వెడల్పు ఉన్న తెప్పను ఊహించుకోండి. అది ఒక సెంటీమీటరు కిందికి దిగితే 360 లీటర్ల నీరు పక్కకు తప్పుకుంటుంది. అంటే 360 కిలోలు. అరవై కిలోల మనుషులు ఆరుగురు ఎక్కితే తెప్ప దిగేది ఆ ఒక్క సెంటీమీటరే. గట్టు మీద నిలబడి చూసేవాళ్లకు తేడా తెలియను కూడా తెలియదు.

స్టీలు చెంబుదీ అదే కథ. మూడు వందల గ్రాముల చెంబును నీటి మీద నిలువుగా పెడితే, మూడు వందల మిల్లీలీటర్ల నీటిని నెట్టేంతవరకు దిగి ఆగిపోతుంది. అదే చెంబును ఒరగబెట్టి నీళ్లు నిండనివ్వండి. ఇప్పుడు నీటిని నెట్టేది చెంబు రేకు ఒక్కటే, అది నలభై మిల్లీలీటర్లకు మించదు. మూడు వందల గ్రాముల బరువును నలభై గ్రాముల తోపు ఆపలేదు.

అపోహ: చెక్క ఏదైనా తేలుతుంది

మా ఇంట్లో అమ్మమ్మ కాలం నాటి ఎర్రచందనం బొమ్మ ఒకటి ఉంది. దసరా కొలువులో పెట్టే జంటలో మిగిలిన ఒక్కటి. మా అమ్మాయి చిన్నప్పుడు స్నానానికి వెళ్తూ దాన్ని తీసుకెళ్లి తొట్టిలో వేసింది. బొమ్మ నేరుగా అడుగుకు వెళ్లింది. "బొమ్మకు ఈత రాదు నాన్నా" అని ఏడ్చింది. నిజం చెప్పాలంటే, ఎర్రచందనం మునుగుతుందని పుస్తకంలో చదివిన నేను కూడా కళ్లారా చూసింది ఆ రోజే.

శేషాచలం కొండల్లో పెరిగే ఈ చెట్టు చేవ సాంద్రత, అంటే ఒక మిల్లీలీటరు పరిమాణానికి ఉండే గ్రాముల బరువు, సుమారుగా 1.1. నీటిది 1, కాబట్టి ఇది కొంచెం ఎక్కువ. టేకు 0.65 ప్రాంతంలో ఉంటుంది కాబట్టి హాయిగా తేలుతుంది. ఏ సినిమాలోనైనా ఎర్రచందనం దుంగలు వాగులో తేలుతూ కొట్టుకుపోతుంటే అది వేరే చెక్కకు వేసిన రంగు అనుకోండి.

అపోహ: నీటిలో ఏదో ప్రత్యేకమైన శక్తి ఉండి వస్తువులను పైకి తోస్తుంది

ఈ అపోహను తొలగించడానికే నాకు ఎక్కువ సమయం పడుతుంది. ఉత్ప్లవన బలం అనే పెద్ద పేరు వినగానే, నీటికి గురుత్వాకర్షణ లాంటి మరో శక్తి ఏదో ఉందని పిల్లలు అనుకుంటారు. అక్కడ ఉన్నది పీడనం మాత్రమే. అది కూడా పైన ఒకంత, కింద ఒకంత.

ప్రతి వైపూ పది సెంటీమీటర్లు ఉన్న ఒక దిమ్మను నీటిలో ముంచారనుకోండి. లోతు ఒక సెంటీమీటరు పెరిగితే ప్రతి చదరపు సెంటీమీటరు మీద ఒక గ్రాము బరువంత ఒత్తిడి పెరుగుతుంది. దిమ్మ అడుగు దాని పైభాగం కంటే పది సెంటీమీటర్లు లోతులో ఉంది. కాబట్టి అడుగున ప్రతి చదరపు సెంటీమీటరు మీద పది గ్రాములు అదనం. అడుగు విస్తీర్ణం వంద చదరపు సెంటీమీటర్లు. మొత్తం వెయ్యి గ్రాములు, పైకి. దిమ్మ పక్కకు నెట్టిన నీరు సరిగ్గా ఒక లీటరు, దాని బరువు కూడా వెయ్యి గ్రాములే. నాలుగు పక్కల నుంచి వచ్చే ఒత్తిళ్లు ఒకదానికొకటి చెల్లిపోతాయి. క్రీస్తుపూర్వం మూడో శతాబ్దంలో ఆర్కిమెడీస్ చెప్పిన సూత్రం ఇంతే. ఆయన స్నానాల తొట్టిలోంచి లేచి వీధిలో పరుగెత్తిన కథను విట్రూవియస్ అనే రోమన్ రచయిత దాదాపు రెండు శతాబ్దాల తరువాత రాశాడు. ఇప్పటికీ ఆ కథ చెప్పినంత సేపు పిల్లలు వింటారు, పైన చెప్పిన గుణకారం మొదలుపెట్టగానే కిటికీలోంచి చూస్తారు.

బావిలో నీళ్లు తోడినవారికి ఈ లెక్క చేతులకే తెలుసు. రెండు కిలోల ఇత్తడి బిందె నిండా పన్నెండు లీటర్ల నీళ్లున్నా, అది మునిగి ఉన్నంతసేపు తాడు మీద పడే బరువు రెండు కిలోల కంటే తక్కువే. బిందె నీటిని వదిలి పైకి వచ్చిన క్షణం పద్నాలుగు కిలోలు చేతుల మీద పడతాయి. అలవాటు లేనివాళ్లు తాడు వదిలేసేది సరిగ్గా అక్కడే.

చెరువు అడుగున బురదలో అంటుకున్న బల్లపరుపు వస్తువును లాగడం ఎందుకంత కష్టమో కూడా ఇక్కడే తెలుస్తుంది. దాని కిందికి నీరు చేరకపోతే, కింది నుంచి నెట్టే పీడనం లేదు. పైనున్న నీరు మాత్రం నొక్కుతూనే ఉంటుంది. ఒక పక్క కొంచెం ఎత్తి నీరు దూరనిస్తే చాలు, సులువుగా వచ్చేస్తుంది.

అపోహ: లోతు పెరిగేకొద్దీ పైకి తోసే బలం పెరుగుతుంది

పెరగదు. మన దిమ్మను ఐదు మీటర్ల లోతుకు దించండి. పైనా కిందా పీడనం పెరిగింది, రెండింటి మధ్య తేడా మాత్రం అదే పది సెంటీమీటర్లది.

అయితే నలిగే వస్తువుల సంగతి వేరు. పది మీటర్ల లోతులో పీడనం ఉపరితలం మీద ఉన్నదానికి దాదాపు రెట్టింపు. గుండె నిండా గాలి పీల్చి అంత లోతుకు మునిగినవాడి ఊపిరితిత్తుల్లోని గాలి సగానికి కుదించుకుపోతుంది, ఒళ్లు నెట్టే నీరు తగ్గుతుంది. అంటే కిందికి పోయేకొద్దీ పైకి తోపు తగ్గుతుంది. దీన్ని ఇంట్లోనే చూడవచ్చు. నీళ్లు నింపిన కూల్‌డ్రింక్ సీసాలో, రబ్బరు తల ఉన్న మందు చుక్కల గొట్టాన్ని అంచున తేలేంత నీరు పోసి వేసి, మూత బిగించి సీసాను నొక్కండి. గొట్టం మునుగుతుంది. వదిలితే లేస్తుంది. నొక్కినప్పుడు గొట్టంలోకి నీరు ఎక్కడాన్ని దగ్గరగా చూడండి, అదే అసలు విషయం.

అపోహ: ఈత రానివాడు రాయిలా మునుగుతాడు

వేసవి సెలవుల్లో చెరువులకు, డ్యాముల దగ్గరకు వెళ్లే పిల్లల కోసం ఈ భాగాన్ని నేను ప్రతి ఏడూ చెబుతాను. నిండుగా గాలి పీల్చిన మనిషి శరీర సాంద్రత సాధారణంగా 0.98 దగ్గర ఉంటుంది. అరవై కిలోల మనిషి పూర్తిగా మునిగితే అరవై ఒక్క లీటర్ల పైచిలుకు నీటిని నెడతాడు. అంటే పైకి తోసే బలం మిగిలేది ఒక కిలోకు కొంచెం ఎక్కువ. బతుకంతా ఆ కిలో మీదే ఆధారపడింది.

ఒక చేయి బరువు దాదాపు మూడు కిలోలు. భయంతో రెండు చేతులూ నీటి పైకి ఎత్తి కేకలేస్తే, ఆ చేతులు నీటిని నెట్టడం మానేస్తాయి. ఒక కిలో మిగులు ఉన్నచోట దాదాపు ఐదు కిలోల లోటు వస్తుంది, తల మునుగుతుంది. అరిచినప్పుడు ఊపిరితిత్తుల్లో గాలి కూడా పోతుంది. చేతులు నీటిలోనే పరిచి, తల వెనక్కి వాల్చి, ముక్కు నోరు మాత్రం బయట ఉంచితే ఆ ఒక్క కిలో సరిపోతుంది. కండ పట్టి కొవ్వు తక్కువగా ఉన్న కొందరు ఊపిరి బిగించినా మునుగుతారు కాబట్టి, ఈ లెక్క నమ్ముకుని ఎవరూ లోతు నీటిలోకి దిగకూడదు.

అపోహ: నూనె చిక్కగా ఉంటుంది కాబట్టి నీటి కంటే బరువు

చిక్కదనం వేరు, సాంద్రత వేరు. వేరుశనగ నూనె లీటరు తూకం 910 గ్రాముల చుట్టుపక్కల ఉంటుంది. లీటరు ప్యాకెట్టు మీద చూడండి.

అపోహ: నీటిలో మునిగిన కాయ పాడైనట్టు

చిత్తూరు జిల్లాలో మామిడి తోట ఉన్నవాళ్లు ఈ మాటకు నవ్వుతారు. లేత కాయ తేలుతుంది. ముదిరేకొద్దీ లోపల పిండిపదార్థం చేరి కాయ సాంద్రత నీటిని దాటుతుంది, అప్పుడు మునుగుతుంది. కాబట్టి తొట్టిలో మునిగిన కాయే పక్వానికి వచ్చిన కాయ. కోడిగుడ్డుకు ఇది తలకిందులు. రోజులు గడిచేకొద్దీ పెంకు రంధ్రాల గుండా లోపలి తేమ బయటికి పోయి గాలి గది పెరుగుతుంది, గుడ్డు లేస్తుంది. తేలిన గుడ్డు పాతదని చెప్పవచ్చు, కుళ్లిందని మాత్రం పగలగొట్టి వాసన చూశాకే చెప్పాలి.

ఈ రెంటినీ కలిపి వాడే రైతులున్నారు. వరి విత్తనాలు నానబెట్టే ముందు నీటిలో గుడ్డు వేసి, అది పైకి తేలేవరకు ఉప్పు కలుపుతారు. అందులో విత్తనం పోస్తే తాలు గింజలు తేలిపోతాయి, గట్టి గింజ అడుగున నిలుస్తుంది. ఆ గింజలను మంచినీటితో కడిగి విత్తుతారు. సాంద్రత కొలిచే పరికరం కోడి పెట్టిందన్నమాట.

పాఠం చివర నేను అడిగే ప్రశ్న ఒకటుంది. కోనేటిలో తెప్ప మీద పెద్ద రాయి ఉంది. దాన్ని ఎత్తి నీటిలో పడేస్తే కోనేటి నీటి మట్టం పెరుగుతుందా, తగ్గుతుందా? పదిమందిలో తొమ్మిదిమంది పెరుగుతుందంటారు. తగ్గుతుంది. తెప్ప మీద ఉన్నప్పుడు రాయి తన బరువంత నీటిని నెట్టింది, అడుగుకు చేరాక తన పరిమాణమంత నీటినే నెడుతుంది. నమ్మకపోతే తొట్టిలో గిన్నె తేలించి, అందులో రాయి పెట్టి, నీటి అంచున పెన్సిలుతో గీత గీసి, తరువాత రాయిని నీటిలో వేసి చూడండి. తొట్టి చిన్నదిగా, రాయి వీలైనంత పెద్దదిగా ఉండాలి. లేకపోతే తేడా గీత మందంలోనే కలిసిపోతుంది.