క్షారమృత్తిక లోహాలు, హాలోజన్ల చర్యాశీలత: అపోహలు - వాస్తవాలు

చెన్నైలో ప్లస్ టూ చదివే తెలుగు విద్యార్థులకు నేను రసాయన శాస్త్రం బోధిస్తున్నాను. ఆవర్తన పట్టికలోని ఒక గ్రూపులో, అంటే నిలువు వరుసలో, కిందికి వెళ్ళేకొద్దీ క్షారమృత్తిక లోహాల (బెరీలియం, మెగ్నీషియం, కాల్షియం, స్ట్రాన్షియం, బేరియం, రేడియం) చర్యాశీలత పెరుగుతుందని, హాలోజన్లలో (ఫ్లోరిన్, క్లోరిన్, బ్రోమిన్, అయొడిన్ వంటివాటిలో) అది తగ్గుతుందని దాదాపు అందరూ సరిగానే చెబుతారు. ఎందుకని అడిగినప్పుడే చిక్కు మొదలవుతుంది.

అపోహ: మెగ్నీషియం కళ్ళు చెదిరేలా మండుతుంది కనుక, కాల్షియం కంటే దానికే చర్యాశీలత ఎక్కువ.

వాస్తవం: చర్యలో పుట్టిన వేడికి మెగ్నీషియం ఆక్సైడ్ రేణువులు తెల్లగా కాగడం వల్ల ఆ వెలుగు వస్తుందే తప్ప, అది చర్యాశీలతకు కొలమానం కాదు. ఈ లోహాలను నీటితో పోల్చి చూడటం మేలు. బెరీలియం నీటి ఆవిరితో కూడా చర్య జరపదు. మెగ్నీషియం చల్లని నీటితో అతి నెమ్మదిగా, ఆవిరితో చురుకుగా చర్య జరుపుతుంది. కాల్షియం చల్లని నీటిలోనే హైడ్రోజన్ బుడగలు వదులుతుంది. బేరియం మరింత ఉధృతంగా స్పందిస్తుంది. బెరీలియం నుంచి బేరియం వరకు మొదటి అయనీకరణ శక్తి, అంటే పరమాణువు నుంచి ఒక ఎలక్ట్రాన్‌ను తొలగించడానికి కావలసిన శక్తి, మోల్‌కు (పరమాణువుల ఒక నిర్ణీత సంఖ్యకు) 899, 738, 590, 549, 503 కిలోజౌల్స్‌గా తగ్గుతూ వస్తుంది. రేడియం దగ్గర అది 509కి కొద్దిగా పెరుగుతుంది కనుక, బోర్డు మీద కిందిదాకా ఒకే బాణం గీసి వదిలేయడం నాకు నచ్చదు.

అపోహ: కాల్షియం నీటితో చర్య జరిపేదైతే, బోరునీటిలో అది ఉండకూడదు.

వాస్తవం: బకెట్ల అంచులకు తెల్లని పొర కట్టించే మా నగరపు బోరునీటిలో ఉన్నది కాల్షియం లోహం కాదు, రెండు ఎలక్ట్రాన్లను ఎప్పుడో కోల్పోయిన కాల్షియం అయాన్. ఆ రెండింటినీ తొలగించడానికి 590, 1,145 కలిపి మోల్‌కు 1,735 కిలోజౌల్స్ కావాలి. అయాన్ చుట్టూ నీటి అణువులు చేరినప్పుడు విడుదలయ్యే సుమారు 1,600 కిలోజౌల్స్ ఆ ఖర్చులో అధికభాగాన్ని భర్తీ చేస్తాయి. అయాన్‌ను తిరిగి లోహంగా మార్చడం ఎంత కష్టమంటే, సున్నం మనుషులకు ప్రాచీనకాలం నుంచి తెలిసినా, కాల్షియం లోహం 1808లో ఇంగ్లండ్ రసాయన శాస్త్రవేత్త హంఫ్రీ డేవీ విద్యుద్విశ్లేషణ (విద్యుత్తుతో పదార్థాన్ని విడగొట్టడం) జరిపేవరకు వేరుపడలేదు.

అపోహ: ఎలక్ట్రాన్ ఎఫినిటీ (పరమాణువు ఒక ఎలక్ట్రాన్‌ను చేర్చుకున్నప్పుడు విడుదలయ్యే శక్తి) అన్నిటికంటే ఎక్కువ కాబట్టే ఫ్లోరిన్‌కు చర్యాశీలత ఎక్కువ.

వాస్తవం: బాగా చదివే పిల్లలు కూడా ఇక్కడే తడబడతారు. ఎలక్ట్రాన్ ఎఫినిటీ ఫ్లోరిన్‌కు మోల్‌కు 328 కిలోజౌల్స్ అయితే, క్లోరిన్‌కు 349. అంటే ఈ విషయంలో పైచేయి క్లోరిన్‌దే. ఫ్లోరిన్ పరమాణువు మరీ చిన్నది కావడంతో, అందులో ఇప్పటికే కిక్కిరిసి ఉన్న ఎలక్ట్రాన్లు కొత్తగా వచ్చేదాన్ని వికర్షిస్తాయి. ఆ చిన్నతనమే మరో రెండు చోట్ల ఫ్లోరిన్‌కు కలిసివస్తుంది. రెండు పరమాణువుల మీది ఒంటరి జంటలు (బంధంలో పాల్గొనని ఎలక్ట్రాన్ జంటలు) ఒకదాన్నొకటి నెట్టుకోవడం వల్ల ఫ్లోరిన్ అణువులోని బంధం బలహీనపడి 158 కిలోజౌల్స్‌కే తెగుతుంది, క్లోరిన్‌లో అదే బంధానికి 242 కావాలి. చిన్న ఫ్లోరైడ్ అయాన్‌ను నీటి అణువులు గట్టిగా పట్టుకున్నప్పుడు సుమారు 500 కిలోజౌల్స్ విడుదలవుతాయి. క్లోరైడ్ విషయంలో అది 370 దరిదాపుల్లోనే ఉంటుంది. బంధం తెంచడానికైన ఖర్చు పోగా మిగిలే లాభాన్ని లెక్కగడితే, ఒక మోల్ ఫ్లోరైడ్ అయాన్లు నీటిలో ఏర్పడినప్పుడు, క్లోరైడ్ కంటే సుమారు 150 కిలోజౌల్స్ ఎక్కువ వెలువడతాయి. నీటిలో ఎలక్ట్రాన్లను లాక్కునే సామర్థ్యాన్ని వోల్టుల్లో చూపే ప్రమాణ ఎలక్ట్రోడ్ పొటెన్షియల్ ఫ్లోరిన్‌కు 2.87 వోల్టులుగా, క్లోరిన్‌కు 1.36గా ఉండటానికి మూలం ఈ లెక్కలోనే ఉంది.

అపోహ: నీటిలో కరిగించిన ఉప్పులోకి ఫ్లోరిన్ పంపి క్లోరిన్‌ను వేరుచేయవచ్చు.

వాస్తవం: కాగితం మీద సమీకరణం సరిపోతుంది గాని, ఫ్లోరిన్ ముందు నీటినే ఆక్సీకరణం చేస్తుంది, అంటే దాని నుంచే ఎలక్ట్రాన్లను లాక్కుంటుంది. 1886లో ఫ్రెంచ్ రసాయన శాస్త్రవేత్త హెన్రీ మొయిసాన్ ఫ్లోరిన్‌ను వేరుచేసినప్పుడు కూడా నీరులేని హైడ్రోజన్ ఫ్లోరైడ్‌నే వాడవలసి వచ్చింది. అందువల్ల తరగతిలో స్థానభ్రంశ చర్యలను (ఒక హాలోజన్ మరోదాన్ని దాని లవణం నుంచి బయటికి నెట్టే చర్యలను) క్లోరిన్ నీటితో మొదలుపెట్టాలి: దాన్ని పొటాషియం బ్రోమైడ్ ద్రావణంలో పోస్తే నారింజ రంగు, పొటాషియం అయొడైడ్ ద్రావణంలో పోస్తే గోధుమ రంగు కనిపిస్తాయి, అయొడిన్‌ను బ్రోమైడ్ ద్రావణంలో కలిపితే మాత్రం బ్రోమిన్ విడుదల కాదు.