స్నాప్‌షాట్ బ్యాకప్‌లు, డేటాబేస్ పొందిక: అపోహలు – వాస్తవాలు

వరంగల్‌లోని ఎనుమాముల మార్కెట్‌కు మిర్చి పోటెత్తే ఫిబ్రవరి, మార్చి నెలల్లో అడ్తి (కమీషన్ వ్యాపారుల) దుకాణాల సర్వర్లలో కాంటా చీటీలు, తక్‌పట్టీలు (రైతుకిచ్చే అమ్మకం చీటీలు) ఎడతెరిపి లేకుండా నమోదవుతుంటాయి కనుక, బ్యాకప్ కోసం డేటాబేస్‌ను కాసేపు ఆపుతామంటే ఎవరూ ఒప్పుకోరు. అందుకే ఆ సర్వర్లను చూసుకునే మా వంటి వారు ఆపరేటింగ్ సిస్టమ్ స్నాప్‌షాట్లను, అంటే ఒక క్షణంలో డిస్కు ఎలా ఉందో అలాగే పట్టి ఉంచే ప్రతులను, ఆశ్రయిస్తారు.

అపోహ: స్నాప్‌షాట్ క్షణంలో పూర్తవుతుంది కాబట్టి అందులోని డేటాబేస్ ఎప్పుడూ సరిగానే ఉంటుంది.

వాస్తవం: స్నాప్‌షాట్‌కు చిక్కేది డిస్కు స్థితి మాత్రమే. హఠాత్తుగా కరెంటు పోయినప్పుడు డిస్కు ఎలా మిగులుతుందో అందులోని డేటాబేస్ కూడా అలాగే ఉంటుంది. పోస్ట్‌గ్రెస్ డేటాబేస్, మైఎస్‌క్యూఎల్ డేటాబేస్‌లోని ఇన్నోడీబీ పట్టికల వంటివి ప్రతి మార్పునూ ముందు లాగ్‌లో రాసుకుంటాయి కనుక, తిరిగి ప్రారంభించినప్పుడు ఆ లాగ్‌ను చదువుకుని తేరుకుంటాయి. మైఎస్‌క్యూఎల్‌లోనే మరో రకమైన మైఐసామ్ పట్టికలకు ఆ సదుపాయం లేదు. పైగా డేటా, లాగ్ రెండూ ఒకే క్షణానికి చెందినవై ఉండాలి. హన్మకొండలో నేను చూసుకునే ఒక సర్వర్‌లో లాగ్ వేరే వాల్యూమ్‌లో (విడి డిస్కులా వాడే నిల్వ భాగంలో) ఉండేది. నేను రాసిన స్క్రిప్టు ముందు లాగ్ వాల్యూమ్‌కు, కొన్ని సెకన్ల తర్వాత డేటా వాల్యూమ్‌కు స్నాప్‌షాట్ తీసేది. ఒకనాడు ఆ మధ్యలోనే చెక్‌పాయింట్ (అప్పటిదాకా జరిగిన మార్పులను డేటా ఫైళ్లలోకి చేర్చి, ఆ సంగతిని లాగ్‌లో రాసుకునే పని) జరిగింది. ఆ కాపీని పరీక్ష కోసం ప్రారంభిస్తే, డేటా వాల్యూమ్‌లోని కంట్రోల్ ఫైలు సూచించిన చెక్‌పాయింట్ రికార్డు లాగ్‌లో దొరకక పోస్ట్‌గ్రెస్ మొరాయించింది. రెండు వాల్యూమ్‌లకూ ఒకేసారి స్నాప్‌షాట్ తీయడం కుదరని చోట పోస్ట్‌గ్రెస్‌లోని పీజీ బ్యాకప్ స్టార్ట్, స్టాప్ ఆదేశాల మధ్య తీసి, స్టాప్ ఇచ్చే లేబుల్‌ను (లాగ్‌ను ఎక్కడి నుంచి చదవాలో చెప్పే సమాచారాన్ని), ఆ వ్యవధిలోని లాగ్ ఫైళ్లను కూడా భద్రపరచాలి. 14వ వెర్షన్ వరకు ఈ ఆదేశాల పేర్లు కొద్దిగా వేరుగా ఉండేవి.

అపోహ: మైఎస్‌క్యూఎల్‌లో పట్టికలకు రీడ్ లాక్ (చదవనిచ్చి, రాయనివ్వని తాళం) వేసే ఆదేశాన్ని స్క్రిప్టు మొదటి వరుసలో పెడితే చాలు.

వాస్తవం: ఆ లాక్ దాన్ని వేసిన సెషన్ (డేటాబేస్‌తో కలిపిన అనుసంధానం) ఉన్నంతసేపే ఉంటుంది. మొదటి వరుసలో క్లయింట్ లాక్ వేసి బయటకు వచ్చేస్తే, రెండో వరుసలో స్నాప్‌షాట్ మొదలయ్యేసరికే లాక్ తొలగిపోయి ఉంటుంది. స్క్రిప్టు మాత్రం ఏ తప్పూ చూపదు. స్నాప్‌షాట్ పూర్తయ్యేదాకా అదే సెషన్‌ను తెరిచి ఉంచాలి.

అపోహ: ఫైల్‌సిస్టమ్‌ను ఫ్రీజ్ చేస్తే (డిస్కుపై రాతలను కాసేపు నిలిపేస్తే) డేటాబేస్ కూడా పొందికగా నిలుస్తుంది.

వాస్తవం: ఫ్రీజ్‌కు లావాదేవీల సంగతి తెలియదు; సగంలో ఉన్న లావాదేవీ సగంలోనే నిలుస్తుంది.

అపోహ: స్నాప్‌షాటే బ్యాకప్.

వాస్తవం: ఎల్‌వీఎం (లినక్స్‌లో వాల్యూమ్‌లను నిర్వహించే సాధనం) స్నాప్‌షాట్ అసలు డేటా ఉన్న డిస్కుల మీదే ఆధారపడుతుంది. సాధారణ స్నాప్‌షాట్‌కు కేటాయించిన స్థలం నిండితే అది చెల్లకుండా పోతుంది, సీజన్‌లో ఆ స్థలం తొందరగానే నిండుతుంది. అందుకే నేను స్నాప్‌షాట్‌ను వెంటనే మరో యంత్రానికి కాపీ చేసి, అక్కడ డేటాబేస్‌ను ప్రారంభించి, అందులోని చివరి తక్‌పట్టీ నంబరును దుకాణంలోని పుస్తకంతో సరిచూసుకున్న తర్వాతే పాత కాపీని తీసేస్తాను.