రొయ్య పొట్టు ఎందుకు ఉడకదు?

అమలాపురం

చిరంజీవులు చిన్నికి, బుజ్జికి తాతయ్య ఆశీస్సులు.

సంక్రాంతికి నానమ్మ పెరట్లో రొయ్యలు వలుస్తుంటే, "కండ ఇట్టే ఉడికిపోతుంది కదా, ఈ పొట్టు ఎందుకు ఉడకదు?" అని అడిగింది చిన్ని. మీ బస్సు వేళయిందని అప్పుడు చెప్పలేకపోయాను. ఇప్పుడు తీరిగ్గా రాస్తున్నాను.

పొట్టుకి ఆ మొండితనం ఇచ్చేది కైటిన్. పీతకీ, బొద్దింకకీ, మన కొబ్బరి మొవ్వు తొలిచే కొమ్ముపురుగుకీ ఒంటిమీద తొడుగు అదే. 1811లో బ్రాకొన్నో అనే ఫ్రెంచి శాస్త్రవేత్తకి మాత్రం అది పుట్టగొడుగుల్లో దొరికింది.

కైటిన్ అంటే చక్కెర జాతి పూసల దండ. కొబ్బరి పీచులోని సెల్యులోజ్ కూడా అలాంటి దండే. కాకపోతే కైటిన్‌లో ప్రతి పూసకీ ఒక నత్రజని, ఆ నత్రజనికి ఒక ఎసిటైల్ సమూహం ఉంటాయి. వెనిగర్‌లోని ఎసిటిక్ ఆమ్లం నుంచి ఒక ఆక్సిజన్, ఒక హైడ్రోజన్ జంటగా పోతే మిగిలే ముక్క అది. సేంద్రియ ఆమ్లాల నుంచి ఇలా వచ్చే ముక్కలన్నిటికీ ఇంటిపేరు ఎసైల్. ఈ దండలు పక్కపక్కనే చేరి హైడ్రోజన్ బంధాలతో ఒకదాన్నొకటి బిగించి పట్టుకుంటాయి. నీళ్లు దూరి వాటిని విడదీయలేవు. ఎంత ఉడికించినా పొట్టు పొట్టులాగే ఉండేది అందుకే.

1859లో రూజే అనే ఆయన కైటిన్‌ని గాఢమైన క్షారంలో మరిగించాడు. ఎసిటైల్ ముక్కలు చాలావరకు ఊడిపోయాయి. ముక్క ఊడిన పూస అణుభారం 203 నుంచి 161కి దిగుతుంది. పోయింది అంతే, కానీ గుణమే మారిపోయింది! బయటపడ్డ నత్రజని పులుపు తగిలితే హైడ్రోజన్ అయాన్‌ని అందుకుని ధనావేశం పొందుతుంది. అన్నీ ధనావేశాలే కాబట్టి దండలు ఒకదాన్నొకటి తోసుకుని కరిగిపోతాయి. దీన్నే ఇప్పుడు కైటోసాన్ అంటున్నాం.

వరదల్లో గోదావరి ఎర్రనీరు తేరడానికి మా అమ్మ కుండలో చిల్లగింజ అరగదీసేది. కైటోసాన్ కూడా నీళ్లు తేరుస్తుంది. మట్టి రేణువులది రుణావేశం, దీనిది ధనావేశం. రేణువుల్ని కూడగట్టి అడుక్కి దించేస్తుంది.

నాకు అన్నిటికన్నా ముచ్చటైన సంగతి ఇంకొకటుంది. ఊడిన ముక్క స్థానంలో మనకి కావలసిన ఎసైల్‌ని తగిలించవచ్చు. మన కొబ్బరినూనెలో దాదాపు సగం లారిక్ ఆమ్లమే. దాని ఎసైల్‌కి 12 కార్బన్ల పొడవాటి తోక, ఆ తోకకి నీళ్లంటే గిట్టదు. దాన్ని కైటోసాన్‌కి తగిలించి నీళ్లలో వేస్తే తోకలన్నీ లోపలికి ముడుచుకుని కంటికి కనిపించనంత చిన్న ఉండలవుతాయి. నీళ్లలో కరగని మందుల్ని వాటిలో దాచి ఒంట్లోకి పంపాలని పరిశోధకులు చూస్తున్నారు. రొయ్యా మనదే, కొబ్బరీ మనదే! అందుకే రొయ్యలు వలిచే షెడ్ల దగ్గర కుళ్లుతున్న పొట్టు గుట్టలు చూసినప్పుడల్లా నా ప్రాణం ఉసూరుమంటుంది.

పొట్టుని కైటోసాన్‌గా మార్చే క్షారం, అదే కాస్టిక్ సోడా, దాని జోలికి మాత్రం వెళ్లకండి, చర్మం కాలిపోతుంది. అది ప్రయోగశాలలో పెద్దవాళ్లు చేసే పని. మీరు ఎండిన పీత పెంకు ముక్క ఒకటి గాజు గ్లాసులో వేసి, మునిగేదాకా వెనిగర్ పోయండి. సున్నపు పదార్థం కరుగుతూ బుడగలు వస్తాయి. వెనిగర్ మారుస్తూ రెండు మూడు రోజులు ఉంచితే ముక్క మెత్తబడి వంగుతుంది. మిగిలిన ఆ మెత్తటి దాంట్లో కైటిన్ ఉంటుంది, మాంసకృత్తులతో కలిసి. బుడగలు ఎంతసేపు వచ్చాయో బుజ్జి లెక్కపెట్టి రాయాలి.

ఇట్లు
మీ తాతయ్య